బండి ఆలోచించింది

ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన సర్క్యులర్‌ని ఏ పద్ధతిలో చదవాలో ఆ సర్క్యులర్‌లో రాయలేదు. అందుకని చింతలరేవు బస్సు డిపో హెడ్ క్లర్కు మార్కండేయులు, ఎందుకైనా మంచిదని, దాన్ని నాలుగు పద్ధతుల్లోనూ చదివాడు. మొదట పైపైన చూశాడు. తర్వాత తన పేరు ఎక్కడైనా ఉందేమోనని వెతికాడు. ఆ తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ లోతుగా చదివాడు. చివరికి తలుపు దగ్గరగా వేసి, కాస్త రాగం తీసి చదివాడు. నాలుగోసారికి గానీ ఆయనకి అది బాగుందనిపించలేదు.

కొండలోయ సహకార రవాణా సంస్థ అంత పెద్దదేమీ కాదు. ఉన్న బస్సులకి సరిపడా టైర్లు ఎప్పుడూ ఉండేవి కావు గానీ, ఉన్న కుర్చీలకి సరిపడా అధికారులు మాత్రం ఉండేవారు. ఆ అధికారులందరూ ఆ మధ్య ఏదో చల్లని ఊళ్ళో శిక్షణ శిబిరానికి వెళ్ళొచ్చారు. అక్కడొక నిపుణుడు, అన్నిటినీ ఒకేలా చదవడం వల్లనే దేశానికి ఈ గతి పట్టిందని చెప్పాడట. నవల చదివినట్టు మందుసీసా మీది చీటీ చదవకూడదనీ, టైమ్ టేబుల్ చదివినట్టు పద్యం చదవకూడదనీ ఆయన అన్నాడు. ఇందులో తప్పేమీ లేదు. ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే ఇది. పాల ప్యాకెట్ మీద తేదీ చూస్తుంది, శుభలేఖలో భోజనాల వేళ చూస్తుంది, వారపత్రికలో కథ మాత్రం అన్నం మాడిపోతున్నా వదలదు. కానీ సంస్థలో ఏ సంగతైనా ఉత్తర్వుగా వెలువడితే గానీ తెలిసినట్టు లెక్క కాదు.

ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సంస్థ పరిధిలోనికి వచ్చు ప్రతి లిఖిత సామగ్రిని దాని స్వభావమునకు తగిన పద్ధతిలోనే పఠించవలెను. తగని పద్ధతిలో పఠించుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణించబడును."

పద్ధతులు నాలుగు. పైపైన చూసి వదిలేసే వాటికి విహంగ పఠనమని పేరు, పసుపు చీటీ. కావలసిన ముక్క ఒక్కటే వెతుక్కునే వాటికి అన్వేషణ పఠనం, ఆకుపచ్చ చీటీ. ఆసాంతం చదివి చర్య తీసుకోవలసిన వాటికి క్షుణ్ణ పఠనం, ఎర్ర చీటీ. ఇక చదివి ఆనందించవలసిన వాటికి రస పఠనం, నీలం చీటీ. చీటీ అంటించని కాగితాన్ని ఎవరూ చదవకూడదు. చీటీలు అంటించడానికి ప్రతి డిపోకీ ఒక పఠన నిర్ణేత ఉండాలి.

చింతలరేవు డిపోకి మార్కండేయులు కాక ఇంకెవరు నిర్ణేత అవుతారు? ఆయన పద్యాలు నాలుగు సహకార మాసపత్రికలో అచ్చయ్యాయి, డీజిల్ పొదుపు మీద రాసిన ఖండికతో కలిపి. ఆయన గేయం ఒకటి రేడియోలో వచ్చింది కూడా. సరిగ్గా ఆ వేళకి ఊళ్ళో కరెంటు పోయింది. వచ్చిందని ఆయన చెబుతాడు, వినలేదని ఊరు చెబుతుంది. ఈ రాతల జబ్బున్నవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం కనక ఆయన్ని మరీ ఆడిపోసుకోవడం బాగుండదు. పైగా డిపో మేనేజరు కుర్చీ చాలాకాలంగా ఖాళీగా ఉంది. ఆ బాధ్యత కూడా మార్కండేయులే చూస్తున్నాడు.

మొదటిరోజే ఆయనకొక ధర్మసందేహం వచ్చింది. కాగితాన్ని చదవకుండా అది ఏ రకమో తెలియదు. రకం తెలిసి చీటీ అంటిస్తే గానీ చదవకూడదు. మరి నిర్ణేత ఎలా నిర్ణయించాలి? ఆయన ప్రధాన కార్యాలయానికి రాశాడు. జవాబు వచ్చింది. "నిర్ణయ నిమిత్తము చదివెడి చదువు చదువుగా పరిగణించబడదు." మార్కండేయులు ఆ వాక్యాన్ని చూసి చాలాసేపు తల ఊపాడు. తను ఇరవయ్యేళ్ళుగా ఆఫీసులో చేస్తున్నది సరిగ్గా అదేనని ఆయనకి అప్పుడే తెలిసింది.

డిపో కొత్త బాటలో పడింది. బస్సుల నుదుటి బోర్డులకి ఆకుపచ్చ చీటీలు అంటుకున్నాయి. బోర్డు ముందు నిలబడి తీరిగ్గా ఊళ్ళ పేర్లన్నీ చదువుకుంటున్న ముసలాయన్ని కండక్టరు మందలించాడు. వెళ్ళాల్సిన ఊరు వెతుక్కోవాలి గానీ అన్ని ఊళ్ళూ చదివి ఆనందించకూడదని చెప్పాడు. ముసలాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ఎవరు ఎక్కుతుంటే వాళ్ళ వెనకాల ఎక్కాడు.

తర్వాత సెలవు చీటీల వంతు వచ్చింది. వాటిని చర్య తీసుకోవలసిన కాగితాలుగా చూడాలని స్టాఫు అన్నారు. మార్కండేయులు ఒక్కొక్కటే తిరగేశాడు. ఒక కండక్టరుకి అదే మేనత్త అప్పటికి రెండుసార్లు కాలం చేసింది. మరొకాయనకి ప్రతి మంగళవారం విరేచనాలు. ఇవన్నీ కల్పనలని తేల్చి, నీలం చీటీ అంటించాడు. అప్పట్నుంచి సెలవులు కథని బట్టి మంజూరయ్యాయి. మేనత్త కండక్టరుకి, "పాత్ర పునరావృతమైంది, కొత్తదనం లేదు" అని రాసి తిప్పి పంపాడు. నిజంగా జ్వరంతో వణుకుతూ "జ్వరం, సెలవు కావాలి" అని రాసినవాడికి కూడా సెలవు దొరకలేదు. అందులో వర్ణన లేదన్నాడు.

ఇదంతా నవ్వుకోవడానికే గానీ, ఎవరి ప్రాణమూ తీసేది కాదు. నూకరాజు బండి లోపాల పుస్తకం తెచ్చి ఇచ్చేదాకా.

నూకరాజు పదిహేడో నంబరు బండి డ్రైవరు. చింతలరేవు నుంచి పైడికొండకి రోజూ ఘాటు రోడ్డెక్కి దిగుతాడు. డ్యూటీ దిగిన ప్రతి డ్రైవరూ బండికొచ్చిన రోగాన్ని లోపాల పుస్తకంలో రాయాలి. దాన్ని చూసి వర్క్‌షాపు మేస్త్రీ రిపేరు చేయాలి. డ్రైవర్లు మామూలుగా "క్లచ్చి టైటు", "హారన్ లేదు" అని రాసి పోతారు. నూకరాజు ఆ పూట ఇలా రాశాడు.

"ఎలుగుబంటి మలుపు దగ్గర బ్రేకు తొక్కాను. బండి ఆలోచించింది. మళ్ళీ తొక్కాను. సరేలే అంది. మూడోసారి తొక్కేలోపు మలుపు అయిపోయింది. దేవుడికి నా మీద ఇంకా దయ ఉంది. ఎన్నాళ్ళుంటుందో ఆఫీసువారు చూసుకోవాలి."

మార్కండేయులుకి ఒళ్ళు గగుర్పొడిచింది. బండి ఆలోచించింది! రెండే మాటలు. తను డీజిల్ పొదుపు మీద రాసిన ఖండికలో ఇలాంటి మాట ఒక్కటి లేదని ఆయనకి తెలిసింది. కాస్త అసూయ కలిగినా అణుచుకున్నాడు. నీలం చీటీకి నాలుగు మూలలా జిగురు రాసి, పేజీ మీద శ్రద్ధగా అంటించాడు.

మర్నాడు వర్క్‌షాపు మేస్త్రీ మస్తాన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ అడిగాడు.

"పదిహేడో బండి పుస్తకం రాలేదు సార్."

"అది సాహిత్యంలోకి వెళ్ళింది, మేస్త్రీ. పఠన మందిరంలో ఉంది."

"బ్రేకులంట కదా సార్. నూకరాజు చెప్పాడు."

"చెప్పడం వేరు, రాయడం వేరు. రాసిందాంట్లో బ్రేకు అన్నది ఒక ప్రతీక మాత్రమే."

మస్తాన్ గుడ్డ భుజాన వేసుకున్నాడు. "ప్రతీక అంటే అది కొత్తది వేయాలా, పాతదాన్నే సరిచేయాలా సార్?"

మార్కండేయులు నవ్వి, నియమావళి తీసి చూపించాడు. రస పఠనానికి అర్హమైన రచనపై చర్య తీసుకొనుట రసభంగముగా పరిగణించబడును. మస్తాన్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి వెళ్ళిపోయాడు. ఎర్ర చీటీ లేకపోతే స్టోర్సువాడు బ్రేకు లైనింగులు ఇవ్వడు. అవి లేకుండా మస్తాన్ చేయగలిగిందేమీ లేదు. నూకరాజు మర్నాడూ కొండెక్కాడు, దిగాడు, మళ్ళీ రాశాడు.

"ఇవాళ బ్రేకు తొక్కితే కాలు కిందికి పోయింది. ఎంత కిందికి పోయిందంటే, ఎక్కడికి పోతోందిరా అని నేను వంగి చూశాను. అప్పటికి మలుపు వచ్చింది. కండక్టరు దూకి చక్రం కింద మొద్దు పెట్టాడు. మొద్దుకున్న మనసు బ్రేకుకి లేదు."

శనివారం సాయంత్రం పఠన మందిరంలో, అంటే పాత టైర్ల గదిలో, మార్కండేయులు ఈ పుటలు చదివి వినిపించాడు. కండక్టర్లు, డ్రైవర్లు టైర్ల మీద కూర్చుని విన్నారు. మొద్దుకున్న మనసు దగ్గర ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ నూకరాజు బుర్ర గోక్కుంటూ ముందుకొచ్చాడు.

"అదికాదండి బాబూ, నేను బ్రేకు పడట్లేదని రాసేనండి. బాగుసేయిత్తారేమోనని."

"నువ్వు అలా అనుకున్నావు నూకరాజూ. రచయితకి తనేం రాశాడో తెలియదు. అది తెలుసుకోవడానికే మేమున్నాం."

"బాగుందంటారా అండి?"

"బాగుండడమేమిటి! జిల్లాలో ఇలా రాసేవాడు లేడు."

నూకరాజు ఆ రాత్రి ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఈ ముక్క చెప్పాడు. ఆవిడ పక్కింటావిడతో చెప్పింది. సోమవారం నాటికి నూకరాజు చొక్కా జేబులో బంగారు క్లిప్పున్న పెన్ను కనిపించింది. డ్యూటీ దిగాక అంతకుముందు నిలబడే రాసి పోయేవాడు. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని, రాసింది కొట్టేసి మళ్ళీ రాస్తున్నాడు. ఒక్కోసారి ఒక మాట కోసం ఆకాశం వంక చూసేవాడు. టీ చల్లారిపోయేది.

మస్తాన్‌కి ఇక ఆగబుద్ధి కాలేదు. తుక్కు కింద పడేసిన బండి నుంచి లైనింగులు ఊడదీసి, ఎవరూ చూడకుండా నూకరాజు దగ్గరికి వెళ్ళాడు.

"బండి వర్క్‌షాపు గుంట మీదకి ఎక్కించు నూకరాజూ. గంటలో బిగించేస్తాను. కాగితం లేదు, చీటీ లేదు."

నూకరాజు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"వొద్దులే మేత్రీ."

"వద్దా?"

"ఇప్పుడు బ్రేకు బాగయిపోతే నేనేం రాయనోయ్? శనివారం అందరూ ఎదురు సూత్తారు."

మస్తాన్ లైనింగుల్ని చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. దారిలో మార్కండేయులు ఎదురై, ఏం మేస్త్రీ అంటే, ఏం లేదు సార్, డిపోలో నేనొక్కణ్ణే చదువుకోనివాణ్ణి మిగిలాను, అన్నాడు. ఆ మాటకి ఏ రంగు చీటీ అంటించాలో మార్కండేయులుకి వెంటనే తోచలేదు.

కీర్తి ప్రాంతీయ కార్యాలయం దాకా పాకింది. ప్రాంతీయ అధికారి విశ్వంభర్ గారు స్వయంగా సాహిత్యాభిమాని. ఆయన సంతకమే పెద్ద ఖండకావ్యంలా ఉంటుంది. ఉత్తమ లోప లిఖిత పురస్కారం నూకరాజుకి ప్రకటించి, పైడికొండ అతిథిగృహంలో సన్మానసభ పెట్టించారు. జీపులో కొండెక్కి వచ్చారు. శాలువా కప్పారు. మైకు ముందు ముప్పావుగంట మాట్లాడారు.

"లోపమునందు సౌందర్యమును దర్శించుట సామాన్య విషయము కాదు. మన సంస్థయందు లోపములకు కొదవ లేదు. కావలసినది దర్శించు కన్నులు మాత్రమే."

చప్పట్లయ్యాక ఆయనకొక గొప్ప ఊహ వచ్చింది. దిగేటప్పుడు జీపు వద్దన్నారు. ఆ రచనలు పుట్టిన చోటు చూడాలి, ఆ బండిలోనే, ఆ రచయిత నడుపుతుండగానే దిగాలి అన్నారు. మార్కండేయులు ఆనందంతో ఉక్కిరిబిక్కిరి అయ్యాడు. డ్రైవరు వెనక సీట్లో విశ్వంభర్ గారిని కూర్చోబెట్టి, పక్కన తాను కూర్చున్నాడు. వెనక సంతకి దిగే జనం బుట్టలతో ఎక్కారు. ఎక్కినవాళ్ళలో ఒక ముసలమ్మ కళ్ళు మూసుకుని ఏదో గొణగడం మొదలుపెట్టింది. పదిహేడో బండిలో రోజూ వచ్చేవాళ్ళకి అది అలవాటే. భక్తి అనుకున్నాడు మార్కండేయులు.

నూకరాజు శాలువా తియ్యలేదు. బండి కదిలింది. దారి పొడుగునా విశ్వంభర్ గారు కిటికీలోంచి చూస్తూ, ఏ వాక్యం ఎక్కడ పుట్టిందని అడుగుతున్నారు. మార్కండేయులు యాత్రా స్థలాలు చూపినట్టు చూపిస్తున్నాడు. అదిగో, కాలు కిందికి పోయిన చోటు. అదిగో, మొద్దుకి మనసున్న చోటు.

ఎలుగుబంటి మలుపు దగ్గరపడింది. ఎడమవైపు కొండ, కుడివైపు ఏమీ లేదు. ఏమీ లేనితనం అడుగున, చాలా కింద, ఏరు తెల్లటి దారంలా కనిపిస్తోంది. నూకరాజు బ్రేకు తొక్కాడు.

బండి ఆలోచించింది.

మార్కండేయులు ఆ వాక్యాన్ని ఎన్నోసార్లు చదివాడు. శనివారం శనివారం గొంతు తగ్గించి, పెంచి, ఆ రెండు మాటల మధ్య చిన్న విరామం ఇచ్చి చదివాడు. దానర్థం బ్రేకు పడలేదని ఆయనకి ఇప్పుడే, ఆ సీట్లో కూర్చుని, ముందున్న ఇనపకడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉండగా బోధపడింది. అందులో ప్రతీక లేదు. మనిషి తనకి ఏం జరిగిందో అదే రాశాడు. కాలు కిందికి పోయిందంటే కాలు కిందికి పోయింది. దేవుడి దయ ఎన్నాళ్ళుంటుందో చూసుకోమంటే, చూసుకోమని. ఇంతమంది ప్రాణాల మీద తను జిగురు రాసి నీలం చీటీ అంటించాడు. ఆయనకి ఏడుపొచ్చింది.

"ఏమయ్యా, బండి ఆగదేం?" అన్నారు విశ్వంభర్ గారు.

"అదేనండి నేను రాసేది," అన్నాడు నూకరాజు, గేరు లాగుతూ.

"చర్య తీసుకోండి మార్కండేయులుగారూ."

"రసభంగమండి," అన్నాడు మార్కండేయులు. వేళాకోళానికి అన్నది కాదు. నోటికి అదొక్కటే వచ్చింది.

నూకరాజు రచయితగా ఈమధ్య కాస్త పాడయ్యాడు గానీ, డ్రైవరుగా ఇంకా పాడవలేదు. కండక్టరు దూకే వీలు లేదు, బండి అంత జోరు మీదుంది. నూకరాజు గేరు మీద గేరు దించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని ఎడమకి కోసి కొండవారకి రాపాడించాడు. రేకులు చీలిన చప్పుడుకి వెనక కోళ్ళబుట్టలు గోల పెట్టాయి. మలుపు తిరిగాక రోడ్డు బాగుకని పోసిన కంకర గుట్ట ఉంది. బండి దాంట్లోకి ముక్కు దూర్చి, ఆగింది. ఎవరికీ ప్రాణాపాయం లేదు. విశ్వంభర్ గారి మెడ పట్టేసింది. మార్కండేయులు కళ్ళజోడు పగిలింది. ముసలమ్మ గొణగడం ఆపి, కళ్ళు తెరిచి, "వచ్చేసిందా నాయనా?" అని అడిగింది.

విచారణ జరిగింది. విశ్వంభర్ గారు మెడకి పట్టీ వేసుకుని, తల తిప్పకుండా అధ్యక్షత వహించారు. మొదటి ప్రశ్న, బ్రేకు లోపం గురించి డ్రైవరు సంస్థకి తెలియజేశాడా అని. రికార్డులు వెతికారు. పదిహేడో బండి పేర ఎర్ర చీటీ ఉన్న కాగితం ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ సాహిత్యం. కాబట్టి డ్రైవరు లోపాన్ని తెలియజేయకుండా ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమాడాడని తేల్చి, నూకరాజుని సస్పెండ్ చేశారు. శాలువా మాత్రం తిరిగి ఇవ్వనక్కర్లేదన్నారు.

నూకరాజు ఆ సాయంత్రం మార్కండేయులు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నేను రాయలేదంటున్నారండి. తవరే కదండి రాగం తీసి సదివింది."

"నేనే."

"మరి సెప్పండి బాబూ. పిల్లలకి ఇస్కూళ్ళు తెరిచే రోజులండి. శాలువా కప్పుకుని ఇంట్లో కూకోమంటారేటండి."

ఆయన లోపలికెళ్ళి నేరుగా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ నెలరోజుల్లో ఆయన అంత సూటిగా ఏదీ రాయలేదు. "నూకరాజు బ్రేకు పడటం లేదని రాశాడు. నేను బాగుందన్నాను. అతడు మళ్ళీ రాశాడు. నేను చప్పట్లు కొట్టించాను. బండి కంకరలో ఆగింది కాబట్టి ఈ మాట చెప్పడానికి నేను మిగిలాను. తప్పు నాది. అతణ్ణి ఉద్యోగంలోకి తీసుకోండి, నాకు తగిన శిక్ష వేయండి." సంతకం పెట్టి పంపేశాడు. మనసు తేలికైంది.

ప్రధాన కార్యాలయంలో కూడా పఠన నిర్ణేత ఉన్నాడు. ఆయన కూడా పద్యాలు రాస్తాడు. జవాబు తొందరగానే వచ్చింది. "తమ రచన అందినది. ఆత్మనింద, హాస్యము, కరుణ సమపాళ్ళలో కుదిరినవి. కంకరలో ఆగుట అద్భుతముగా నున్నది. కార్యాలయ సిబ్బంది కన్నీరు పెట్టినారు. రస పఠన వర్గమున చేర్చడమైనది. చర్య తీసుకొనుట రసభంగము గనుక తీసుకొనబడదు." కింద నీలం చీటీ.

అచ్చులో ఒక మంచి మాట కోసం జీవితమంతా ఎదురుచూసిన మనిషి మార్కండేయులు. కార్యాలయం కార్యాలయమంతా కన్నీరు పెట్టింది. ఆ మాట చదవగానే క్షణం సేపు, ఒక్క క్షణం, ఆయన ఛాతీ ఉప్పొంగింది. అంత నిజంగా సిగ్గుపడవలసిన ఉప్పొంగడం ఆయన జీవితంలో లేదు. తర్వాత అరుగు మీద కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టి, మస్తాన్‌ని పిలిపించాడు.

"మేస్త్రీ, నేనొకటి రాస్తాను. వింటూ ఉండు. ఎక్కడైనా నీకు బాగుందనిపిస్తే వెంటనే చెయ్యెత్తు. దాన్ని కొట్టేస్తాను."

ఆ రచనకి ఆయన పడ్డ శ్రమ ఇంతా అంతా కాదు. "విషయము: సదరు వాహనము యొక్క నిరోధక యంత్రాంగ సామర్థ్య లోపమును గూర్చి సదరు చోదకునిచే సమర్పించబడిన నివేదికల పునర్వర్గీకరణమును గూర్చి" అని మొదలుపెట్టాడు. బండి అని రాబోతే వాహనమన్నాడు. బ్రేకు అని రాబోతే నాలిక కరుచుకున్నాడు. నూకరాజు అన్న పేరే తీసేసి, సదరు చోదకుడన్నాడు, పేరులోనే ఎక్కడో ప్రాణం ఉందని. మస్తాన్ ఒకచోట చెయ్యెత్తాడు. కొండవార అన్న మాట దగ్గర. మార్కండేయులు కొట్టేసి "రహదారి యొక్క వామ పార్శ్వము" అని దిద్దాడు. నాలుగో పేరా దగ్గర మస్తాన్ ఆవులించాడు. ఐదో పేరాకి టీ తెచ్చిన డిపో క్యాంటీను దుర్గమ్మ గోడకి చేరబడి కునికింది. ఆరో పేరా చదువుతూ మార్కండేయులే మధ్యలో ఎక్కడున్నాడో మర్చిపోయాడు. అప్పుడు గానీ కవరు అంటించలేదు.

అది ఎర్ర చీటీతో వెళ్ళింది. జవాబూ ఎర్ర చీటీతోనే వచ్చింది. ఎవరూ కన్నీరు పెట్టలేదు. సదరు చోదకుని పునర్నియామకమునకు, సదరు వాహనమునకు నూతన నిరోధక సామగ్రి మంజూరుకు అనుమతి ఇవ్వబడినది, అని ఒక్క వాక్యం. కింద ఇంకో వాక్యం. సదరు నిర్ణేతకు ఒక ఇంక్రిమెంటు నిలుపుదల చేయడమైనది. మార్కండేయులు రాసిన వాటిల్లో లోకంలో దేన్నైనా కదిలించిన రచన అదొక్కటే. దాని ప్రతి ఆయన దగ్గర లేదు, ఉంచుకోవాలని కూడా అనిపించలేదు.

మస్తాన్ స్టోర్సు నుంచి కొత్త లైనింగులు తీసుకెళ్ళి బిగించాడు. నూకరాజు డ్యూటీ ఎక్కాడు. సాయంత్రం బండి దిగి, బెంచీ మీద కూర్చోకుండా, నిలబడే రాసి, పుస్తకాన్ని టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. బంగారు క్లిప్పు పెన్ను అతని జేబులో లేదు. పెళ్ళాం దాన్ని బడికెళ్ళే పిల్లాడికి ఇచ్చేసిందట.

మార్కండేయులు కొత్త కళ్ళజోడు సరిచేసుకుని పుస్తకం తెరిచాడు. అందులో ఇలా ఉంది.

"ఎలుగుబంటి మలుపు దగ్గర బ్రేకు తొక్కాను. బండి ఆగింది."

ఆయన కళ్ళు చెమర్చాయి. మళ్ళీ చదివాడు. ఆ రెండు వాక్యాల మధ్య ఎంత చోటుందో, ఆ చోట్లో ఎంతమంది బుట్టలు పట్టుకుని కూర్చున్నారో ఆయనకి కనిపించింది. నూకరాజు ఇంతకంటే గొప్పగా ఎప్పుడూ రాయలేదనుకున్నాడు. గుమ్మంలో మస్తాన్ గ్రీజు చేతులు తుడుచుకుంటూ, పుస్తకం కోసం నిలబడి ఉన్నాడు. మార్కండేయులు కుడిచెయ్యి, ఆయనకి తెలియకుండానే, నీలం చీటీల డబ్బా వైపు వెళుతోంది.

మస్తాన్ చిన్నగా దగ్గాడు.

మార్కండేయులు ఆ కుడిచేతిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. "తీసుకెళ్ళు మేస్త్రీ," అన్నాడు. "తొందరగా తీసుకెళ్ళు."